పిక్కబలం

కాలిపోయిన బొగ్గుదిమ్మను పటకారుతో బయటికి లాగి, సగం కాలినదాన్ని అడుక్కి దించి, దాని నెత్తిన కొత్త నల్లదిమ్మ పెట్టాడు సొక్ మన్‌బొక్. పై చిల్లులు కింది చిల్లులతో కలిసేదాకా దాన్ని ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పాడు. చిల్లుల్లోంచి ఎర్రటి వెలుగు పైకి కనిపించాక మూత వేశాడు. అది నాలుగో పొయ్యి. ఇంకా రెండున్నాయి. మామూలు రోజుల్లో ఆరు పొయ్యిలకూ అతనికి అరగంట చాలు. ఇవాళ నాలుగింటికే ముప్పావు గంట పట్టింది. వంగి లేచినప్పుడల్లా ఎడమ పిక్క తడిసిన గోనెసంచిలా కిందికి లాగుతోంది.

బుసాన్‌లో రేవు వెనకాల కొండ మీది అంధుల బడిలో అతను ముప్పై ఒక్కేళ్ళుగా పనివాడు. హాస్టలు గదుల నేల వెచ్చగా ఉండాలన్నా, స్నానాలకు నీళ్ళు కాగాలన్నా, పైపు కారినా, కిటికీ ఊడినా, మంచు పడ్డ మెట్ల మీద బూడిద చల్లాలన్నా అతనే. నెల కిందట చూరు కింది గొట్టం బాగుచేస్తూ నిచ్చెన మీంచి జారాడు. ఎముకలు కట్టే ముసలాయన వచ్చి, మడమ బీటిచ్చిందని చెప్పి, వెదురు బద్దలు వేసి మోకాలి నుంచి వేళ్ళ దాకా బిగించి కట్టాడు. మూడు వారాలు కదలొద్దన్నాడు. పొయ్యిల గది పక్కనున్న తన చిన్న గదిలో మన్‌బొక్ కప్పు వంక చూస్తూ మూడు వారాలు పడుకున్నాడు. ఆ మూడు వారాలూ ఆఫీసు గుమాస్తా ముక్కుకు గుడ్డ కట్టుకుని, తిట్టుకుంటూ బొగ్గు మార్చాడు. కట్టు విప్పి ఇవాళ్టికి నాలుగో రోజు.

ఆరో పొయ్యి కూడా అయ్యాక ఇత్తడి బేసిన్లో వేడినీళ్ళు పోసుకుని పీట మీద కూర్చున్నాడు. ప్యాంటు రెండు కాళ్ళూ మోకాళ్ళ పైకి మడిచాడు. ఇవాళ పిక్క పాఠం. ఏటా వసంతంలో ఒక్కరోజు.

అతని ముఖంలో చెప్పుకోవడానికేమీ లేదు. బస్సుల్లో, బజారులో వందమంది మోసే ముఖమే. కాళ్ళు అలా కాదు. యాభై అయిదేళ్ళు వచ్చినా మోకాలి కింద నుంచి రెండు కండలు రెండు పొట్లకాయల్లా దిగి, నడుమ లోతైన గీతతో విడిపోయి, మడమ దగ్గర తాడులా బిగిసిన ఒకే స్నాయువుగా ముగుస్తాయి. చర్మం కింద కొవ్వన్నది లేదు. సిరలు నీలంగా ఉబ్బి కనిపిస్తాయి. సబ్బు రాస్తూ రెండు కాళ్ళనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. ఎడమ పిక్క కుడిదానికంటే రెండు వేళ్ళు లావుగా ఉంది. చర్మం నిగనిగలాడుతోంది. నడుమ గీత కనబడటం లేదు.

"పనీపాటా లేక బలిసింది," అనుకున్నాడు.

ఆ పిక్కలు ఊరికే వచ్చినవి కావు. పదహారేళ్ళప్పుడు, కొరియా యుద్ధం మధ్యలో, ఉత్తరాదిన గడ్డకట్టిన రేవులో ఓడ ఎక్కి ఒంటరిగా ఈ ఊళ్ళో దిగాడు. తల్లి రేవు దాకా వచ్చి, మూట తెస్తానని వెనక్కి వెళ్ళి, మళ్ళీ కనిపించలేదు. మర్నాటి నుంచే వీపుకు బరువులు మోసే చెక్కచట్రం తగిలించుకుని కూలికి నిలబడ్డాడు. కొండల మీద రేకుల గుడిసెలు, కింద నీళ్ళు, కింద బొగ్గు, కింద బియ్యం. అన్నీ మెట్లెక్కాలి. ఎనిమిదేళ్ళు ఎక్కించాడు. కండలు పిక్కల్లో చేరాయి తప్ప మిగతా ఒంటికి ఏదీ అంటలేదు.

అంధుల బడికి బొగ్గు తెచ్చిన ఒక రోజు, బరువు దించి మెట్టు మీద కూలబడి ఉండగా, తక్ మాస్టారు అటుగా వస్తూ అతని కాలికి తట్టుకుని పడబోయాడు. అప్పటికి తక్ మాస్టారుకు ఇరవై మూడేళ్ళు. యుద్ధంలో, పదిహేనేళ్ళకే, బాంబుముక్క రెండు కళ్ళూ తీసింది. మర్దన నేర్చుకునే విద్యార్థులకు శరీరం గురించి చెప్పే కొత్త ఉద్యోగం. పడబోయి పట్టుకున్నది మన్‌బొక్ పిక్కనే. పట్టుకున్నవాడు వదల్లేదు.

"ఎవరిదీ కాలు?" అన్నాడు.

"బొగ్గు కూలోడిదండీ."

"కాసేపు అరువిస్తావా? నూడుల్స్ పెట్టిస్తా."

బడిలో ఉన్నదల్లా పగుళ్ళిచ్చిన సున్నపు బొమ్మకాలు ఒకటే. దాని మీద చెయ్యి వేస్తే ఎముకేదో కండేదో తెలిసేది కాదు. ఆ సాయంత్రం మన్‌బొక్ బల్ల మీద నిలబడ్డాడు, పద్నాలుగు మంది వచ్చి అతని కాళ్ళు తడిమారు. కితకితలు పెట్టినట్టై నవ్వు ఆపుకోలేక బల్ల మీంచి పడబోయాడు. ఆ వారమే బడిలో పని దొరికింది. ఊరంతా ఉన్న మర్దన దుకాణాల్లో, స్నానశాలల్లో, రైలు స్టేషన్ల పక్క గదుల్లో ఇప్పుడు పనిచేస్తున్న వాళ్ళలో సగం మంది పిక్క నేర్చుకున్నది అతని దగ్గరే. ఒక్కరు కూడా అతని ముఖం ఎరగరు.

వంటగదిలో పనిచేసిన భార్య బతికున్నప్పుడు ఎగతాళి చేసేది: "నలభై మంది చేతులేసిన కాలు నాకెందుకయ్యా, అవతల పెట్టు!" అంటూనే రాత్రి తన పాదాలు ఆ పిక్కల మధ్య పెట్టి వెచ్చబెట్టుకునేది. ఆమె పోయి ఆరేళ్ళు. అప్పటి నుంచి ఏడాదిలో ఈ ఒక్కరోజే మనుషుల చేతులు అతన్ని తాకుతాయి.

ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

పాఠానికి వెళ్తుంటే వరండాలో గుమాస్తా ఎదురయ్యాడు. "బాబాయ్, శుభవార్త! జపాన్ నుంచి కాలు బొమ్మ వస్తోంది, ఇవాళో రేపో. కండకి కండ ఊడదీసి మళ్ళీ పెట్టొచ్చట. ఇక నువ్వు ప్యాంటు మడిచి నించోనక్కర్లేదు."

"అవునా? మంచిదే," అన్నాడు మన్‌బొక్. రెండడుగులు వేసి మళ్ళీ, "మంచిదే," అన్నాడు.

తరగతిలో పదకొండు మంది ఉన్నారు. సగం మంది పుట్టు గుడ్డివాళ్ళు, మిగతావాళ్ళు పెద్దయ్యాక చూపు పోయి వచ్చినవాళ్ళు. ప్యో గప్సున్ ఆ రెండో రకం. నలభై ఒక్కేళ్ళు. చేపల బజారులో ఇరవై ఏళ్ళు కత్తి పట్టిన మనిషి, రెండేళ్ళ కిందట కళ్ళలో నీటికాసులు వచ్చి చూపు పోయింది. నోరు మాత్రం బజారులో ఉన్నట్టే ఉంది.

మన్‌బొక్ బల్లెక్కి కిటికీ ఊచలు పట్టుకున్నాడు. తక్ మాస్టారు పక్కన నిలబడి కుడికాలి మీద చెయ్యి వేశాడు.

"ముందు మోకాలి వెనక గుంట పట్టుకోండి. లోతుగా ధమని కొట్టుకుంటుంది, తొందరపడకండి. దొరికిందా? దాని పక్కనే సిర, వాటి మీద పెద్ద నరం. ఇప్పుడు కిందికి రండి. రెండు తలలు దిగుతున్నాయి. లోపలి తల పెద్దది, బయటి తల చిన్నది. అన్నా, మడమలెత్తు."

మన్‌బొక్ మునివేళ్ళ మీద లేచాడు. కండ రాయిలా బిగిసింది. వేళ్ళు వరసగా వచ్చాయి. చల్లని వేళ్ళు, చెమట వేళ్ళు, భయపడే వేళ్ళు.

"ఇప్పుడు మోకాలు వంచి మడమెత్తు. చూశారా, పైది సడలిపోయింది. అయినా లోపల ఏదో పనిచేస్తోంది. అదీ నాలుకచేప కండరం. పల్చగా, వెడల్పుగా, పైదాని కింద దాక్కుని ఉంటుంది."

"నాలుకచేపా!" గప్సున్ గొంతు లేచింది. "లక్ష చేపలు కోశాను మాస్టారూ, మనిషి కాల్లో ఉంటుందని తెలిస్తే బేరం ఇంకో రకంగా పెట్టేదాన్ని."

అందరూ నవ్వారు. మన్‌బొక్ కూడా నవ్వాడు.

"దాని కిందే అసలు సంగతి," అన్నాడు మాస్టారు. "ధమనీ, లోపలి సిరలూ, పెద్ద నరమూ ఒకే కట్టగా ఆ చేప కిందినుంచి దిగి, లోపలి చీలమండ వెనక పైకి తేలతాయి. అక్కడ రెండు వేళ్ళు పెడితే నాడి అందుతుంది. గుండె నెత్తురు కిందికి తోస్తుంది. పైకి తోసేది ఈ పిక్కే. నడిచినంత సేపూ పిండి పిండి పైకి పంపుతుంది. నడక ఆగితే అది కూడా ఆగుతుంది. సరే, ఎడమకాలికి రండి."

గప్సున్ ముందు వచ్చింది. చెయ్యి వేసింది, తీసింది. రెండో చెయ్యి కుడికాలి మీద వేసి పోల్చింది.

"అన్నా, జ్వరమా నీకు?"

"లేదే."

"ఈ కాలికుంది." నవ్వు పోయింది ఆమె గొంతులో. "మాస్టారూ, ఇది వేడిగా ఉంది. బిగుసుకునుంది కూడా. మడమ దించే ఉంది కదా, మరి ఇంత గట్టిగా ఎందుకుండాలి? పైకి మెరుస్తూ లోపల చెడ్డ చేపను పట్టుకున్నట్టుంది."

తక్ మాస్టారు వచ్చాడు. రెండు చేతులతో కుడి పిక్క చుట్టుకొలత పట్టాడు, అవే చేతులు ఎడమకు తెచ్చాడు. వేళ్ళ కొసలు కలవలేదు. ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కి వదిలాడు. గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆ గుంటను వేలితో ఒకటికి రెండుసార్లు వెతుక్కున్నాడు. పిక్కను మాత్రం నొక్కలేదు.

"అందరూ చేతులు తీసెయ్యండి," అన్నాడు.

కిటికీ బయట రేవులో ఓడ కూత వినిపించింది.

"రెండో ఏడు చెప్పాల్సిన పాఠం ఇవాళే చెప్తున్నాను. చాలాకాలం కదలకుండా పడుకున్న మనిషి వచ్చి, ఒక కాలు బరువుగా ఉంది, పిసకమంటే, ముందు రెండో కాలు చూడండి. ఒకటే వాచి, వేడిగా ఉంటే ముట్టుకోవద్దు. ఎంత డబ్బిచ్చినా వద్దు. నాలుకచేప కింద సిరలో నెత్తురు గడ్డకట్టి ఉంటుంది. అది అక్కడున్నంతసేపూ ఉత్త వాపే. మీరు పిసికారో, కదిలి పైకి పోయి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటుంది. మీ వేళ్ళ కిందే మనిషి పోతాడు."

మన్‌బొక్ బల్ల దిగాడు. ప్యాంటు దించుకున్నాడు.

వరండాలోకి రాగానే మాస్టారు అతని మోచెయ్యి దొరకబుచ్చుకున్నాడు.

"అన్నా, పెద్దాసుపత్రికి పోవాలి. ఇప్పుడే. గుమాస్తా విద్యాశాఖ ఆఫీసుకెళ్ళాడు, మధ్యాహ్నానికొస్తాడు. వాడొచ్చి టాక్సీ పిలిచేదాకా కాలు ఎత్తు మీద పెట్టి పడుకో. లేదంటే చెప్పు, నలుగురు పిల్లల్ని పిలుస్తా, కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దించుతారు."

"బాగుంది మాస్టారూ. నలుగురు గుడ్డోళ్ళు కుర్చీ మోస్తే నూట అరవై మెట్ల మీద ఎవరు ముందు దొర్లాలో పందెం కాసుకోవాలి."

"నవ్వులాట కాదు."

"దిగడానికి బలమెందుకు మాస్టారూ? మెల్లగా దిగి బస్సెక్కుతా."

"బరువెత్తకు. కాలు ఈడ్చకు. వింటున్నావా?"

"వింటున్నా."

మాస్టారు మోచెయ్యి వదల్లేదు. "ఆ బొమ్మ నేనడగలేదు," అన్నాడు తక్ మాస్టారు. "వాళ్ళే తెప్పించారు."

"తెప్పిస్తే తప్పేముంది? నా కాలు ఊడదీసి మళ్ళీ పెట్టడానికి రాదు కదా."

మన్‌బొక్ నిజంగానే ఆసుపత్రికి బయల్దేరాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. దారిలో ఆరో పొయ్యి గాలి మూత కొంచెం మూశాడు, తను వచ్చేసరికి బొగ్గు మిగలాలని. పక్క గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ కుడికాలితో ముందు దిగుతూ, మెట్లన్నీ అరగంటలో దిగాడు. సన్నగా చినుకులు మొదలయ్యాయి.

కింద కాగితాలూ కలాలూ అమ్మే కొట్టు ముందు చిన్న లారీ ఆగి ఉంది. డ్రైవరు ఒక అట్టపెట్టెను నేల మీదికి దించేసి, కొట్టామెతో వాదిస్తున్నాడు. మన్‌బొక్‌ను చూసి, "పెద్దాయనా, పై బడి మనిషివేనా? ఇదిగో, సంతకం పెట్టు. కొండెక్కించడం నా పని కాదు," అన్నాడు. సంతకం కాగానే వెళ్ళిపోయాడు.

పెట్టె నడుమెత్తు ఉంది. దాని మీద జపాన్ అక్షరాల కింద కొరియా అక్షరాల్లో 'మానవ శరీర నమూనా, కాలు' అని రాసిన కాగితం అంటించి ఉంది. చినుకులకు ఆ కాగితం మూల అప్పుడే లేస్తోంది.

"కొట్టు లోపలికి జరిపెయ్యి పెద్దాయనా, నేను చూస్తాలే," అంది కొట్టామె. "సాయంత్రం మీ గుమాస్తా వచ్చి తీసుకెళ్తాడు. నువ్వు కుంటుతున్నావు."

మన్‌బొక్ పెట్టెను ఒక అంచు పట్టి ఎత్తి చూశాడు. ముప్పై కిలోలు లేదు. బొగ్గు బస్తాలో సగం. రోడ్డు అవతల బస్సు వచ్చి ఆగింది. ఆసుపత్రి వైపు పోయే బస్సే. దాన్ని చూశాడు. పెట్టెను చూశాడు. పగిలిన సున్నపు కాలు పట్టుకుని, ఇది కండ అనుకోండి, ఇది నరం అనుకోండి అని పిల్లలకు చెప్పే పాతికేళ్ళలోపు మాస్టారు గుర్తొచ్చాడు. అనుకోండి, అనుకోండి అని ఆ రోజుల్లో గొంతు బొంగురుపోయేది.

"తాడుందా అమ్మా?" అన్నాడు.

"చెప్తే వినవా?"

"బరువును దారిలో దించి పోవడం నాకు చేతకాదమ్మా. ఇదొక్కటీ పైన పడేసి మళ్ళీ దిగుతా."

బస్సు వెళ్ళిపోయింది.

తాడును పెట్టె చుట్టూ రెండు వరసలు తిప్పి, భుజాలకు రెండు ఉచ్చులు వేసుకుని, మెట్టు మీద కూర్చుని వీపుకు తగిలించుకుని లేచాడు. లేవడం ఎలాగో ఒళ్ళు మరిచిపోలేదు. బరువు తుంటి మీద పడాలి, మెడ ముందుకు పోవాలి, కళ్ళు మూడో మెట్టు మీద ఉండాలి. ముప్పై మెట్లు ఆగకుండా ఎక్కాడు. నలభై దగ్గర పిక్క పగిలిపోతుందేమో అన్నంత సలుపు. అరవై దగ్గర గోడకు ఆనుకుని వాన తాగాడు. పిక్క సలుపుతో పాటే ఒక చిత్రమైన సంతోషం కూడా వచ్చింది. వీపు మీద బరువుంటే తన వయసెంతో అతనికి గుర్తుండదు.

తొంభయ్యో మెట్టు దాటాక సలుపు తగ్గింది. మెల్లగా కాదు, ముడి విప్పినట్టు ఒక్కసారిగా సడలింది. కాలు తేలికైంది.

"హమ్మయ్య," అనుకున్నాడు మన్‌బొక్. "నడిస్తే సరిపోయేదన్నమాట. పిండి పిండి పైకి పంపుతుందన్నాడుగా."

పై మెట్టు చేరేసరికి ఊపిరి అందలేదు. వయసనుకున్నాడు. భోజనాల వేళ, తరగతి గదిలో ఎవరూ లేరు. పెట్టెను బల్ల మీదికి దించి, తాడు విప్పి, పైమూత చింపి, చుట్టూ నింపిన రంపపుపొట్టు తీసి బొమ్మను నిలబెట్టాడు. ఎర్రటి కండలు, పసుపు నరాలు, నీలం సిరలు, దంతపు రంగు ఎముక. పిక్క మీద చెయ్యి పెట్టాడు. ముప్పై ఒక్కేళ్ళుగా విద్యార్థుల చేతికి ఏం దొరికేదో అతను ఎప్పుడూ తడిమి చూడలేదు. రెండు తలల కండ ఒక కీలు మీద తలుపులా తెరుచుకుంది. లోపల నాలుకచేప. దాన్నీ ఎత్తాడు. దాని కింద, మాస్టారు చెప్పినట్టే, ఎర్రదీ నీలందీ పసుపుదీ మూడూ ఒకే కట్టగా దిగుతున్నాయి.

"అబ్బ," అన్నాడు పైకే. "ఇదా."

ఛాతీలో ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టైంది. కండలను ఒకదాని మీద ఒకటి జాగ్రత్తగా మూసి, గోడ పట్టుకుంటూ పొయ్యిల గదికి నడిచి, గడప బయట చెప్పులు విడిచాడు. కాసేపు కూర్చుని మళ్ళీ దిగుదామనుకున్నాడు. ఆరో పొయ్యి పక్కన గోడకు వీపు ఆన్చి, కాళ్ళు ముందుకు చాపుకున్నాడు. వెచ్చగా ఉంది. దగ్గు వచ్చింది, అరచేతిలో నురగలో ఎరుపు కనిపించింది. ఎవరినైనా పిలుద్దామని నోరు తెరిచాడు. గాలి లోపలికి పోతోంది గానీ ఎక్కడా ఆగటం లేదు. భోజనాల గదిలో గిన్నెల చప్పుడు, ఎవరో నవ్వు, మళ్ళీ గిన్నెల చప్పుడు. అది దూరమవుతూ ఉండగా అతని తల మెల్లగా భుజం మీదికి వాలింది.

సాయంత్రం స్నానాలకు నీళ్ళు చల్లగా వచ్చాయి. గుమాస్తా ఆసుపత్రికి ఫోను చేస్తే అలాంటి మనిషెవరూ రాలేదన్నారు. తక్ మాస్టారు కర్ర కూడా తీసుకోకుండా పొయ్యిల గదికి వచ్చాడు. ముప్పై ఒక్కేళ్ళ కిందటి లాగే అతని పాదం చాపి ఉన్న కాలికి తగిలింది. వంగి పట్టుకున్నాడు. ఎవరిదని అడగలేదు. ప్యాంటు అంచు పైకి జరిపి, లోపలి చీలమండ వెనక రెండు వేళ్ళు పెట్టాడు. ఎంతోసేపు అలా పెట్టి ఉంచాడు. తర్వాత వేళ్ళు తీసి, అరచేత్తో ఆ పిక్క పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. గుమాస్తా లాంతరుతో వచ్చేదాకా లేవలేదు.

మూడో రోజు దహనమైంది. ఉత్తరాదిన ఉన్నవాళ్ళకు కబురు పంపే దారి లేదు. బడివాళ్ళే నడిచారు. ఆ వారమంతా వాన పడుతూనే ఉంది.

సోమవారం తరగతిలో కొత్త బొమ్మ పెట్టారు. తక్ మాస్టారు రెండు తలలూ తెరిచి చూపించాడు, నాలుకచేప ఎత్తి చూపించాడు. అంతా చక్కగా అర్థమైందన్నారు. గప్సున్ వంతు వచ్చింది. ఆమె చెయ్యి పెట్టి, "ఐసులో పెట్టిన సరుకు మాస్టారూ," అని మాత్రం అంది. ఎవరూ నవ్వలేదు.

మధ్యాహ్నం ఆమె వేడినీళ్ళకు చెంబు పట్టుకుని పొయ్యిల గది వైపు వచ్చింది. గడప బయట చూరు కింద ఏదో కాలికి తగిలింది. చెంబు పక్కన పెట్టి, చతికిలబడి తడిమింది. నల్లవో తెల్లవో ఆమెకు తెలియదు. రబ్బరు చెప్పులు, మగవాడివి, పాదాన్ని మూసేవి. గడప ముందు జతగా, ముక్కులు బయటికి తిప్పి పెట్టి ఉన్నాయి. ఎడమదాన్ని పట్టుకుంటే వేలు ఒక చీలికలోకి జారింది. పైఅంచు నుంచి వేళ్ళ దాకా కత్తితో తిన్నగా కోసి ఉంది. చేపల కత్తి పట్టిన చెయ్యి కనుక ఆమెకు తెలిసింది, తొందరలో కోసిన కోత కాదు, కూర్చుని, నెమ్మదిగా, లోపల వాచిన పాదం పట్టేలా కోసినది. కోతకు రెండు పక్కలా చిల్లులు పొడిచి, గోనెదారంతో వదులుగా కట్టి ఉంది. ఆ దారం ముడి నడకకు నలిగి, మట్టిపట్టి, వేలికి గరుకుగా తగిలింది.

ఆమె వాటిని తీయలేదు. ఎక్కడున్నవి అక్కడే పెట్టి, చెంబు తీసుకుని వెళ్ళిపోయింది. కుడి చెప్పులో వారం రోజుల చూరునీళ్ళు అంచు దాకా నిలిచి ఉన్నాయి. ఎడమది, కోసినచోటి నుంచి నీళ్ళన్నీ కారిపోయి, ఖాళీగా ఉంది.